పోయని ఒడిబియ్యం

పెళ్లయి తొమ్మిదేళ్లయినా మా అమ్మ నాకు ఒడిబియ్యం పోయలేదు. మా వైపు పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి పంపుతారు. నేను ఆఫీసులో పరిచయమైన కర్నూలు అతన్ని చేసుకున్నాను. "మాట విన్న బిడ్డకే పోస్త" అని అమ్మ మా మేనత్తల ముందే అంది. ఆ రోజు ఆమె కట్టిన చీర రంగు కూడా నాకు గుర్తుంది. ఆమెకే ఏదీ గుర్తు లేదు. డాక్టరు అల్జీమర్స్ అని చెప్పిన వారానికే తమ్ముడు ఆమెను గచ్చిబౌలిలో మా ఫ్లాట్‌కు తెచ్చి దింపాడు. నెలనెలా వస్తానన్నవాడు ఏడాదిలో రెండుసార్లు వచ్చాడు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బంద్ అయినా మా కంపెనీ సెలవిచ్చేది కాదు. రోడ్లు మూయకముందే, తెల్లవారుజామున క్యాబ్ పంపి నానక్‌రామ్‌గూడ ఆఫీసులో దింపేది. అలాంటి ఒక బంద్ రోజు మా ఆయన ఊళ్లో లేడు. అమ్మను చూసుకునే ఆమెకు బస్సు లేదు. బయట తాళం వేస్తే అమ్మ బెదిరి తలుపు బాదుతుంది. బంద్ నాడు ఎక్కడికి పోతుందిలే అనుకుని, తాళం వేయకుండా ఎదురింటావిడకు చెప్పి వెళ్లాను. తప్పు నాదే. మా ఇంట్లో తప్పు ఒప్పుకునేది నేనొక్కదాన్నే.

పది గంటలకు ఎదురింటావిడ ఫోన్ చేసింది. తలుపు బార్లా తీసి ఉంది, అమ్మ లేదు, వంటింట్లో నేలంతా పసుపు. సాయంత్రం క్యాబ్ వచ్చేదాకా ఆగమన్నాడు మేనేజరు. ఆగలేదు. ఆటో ఒక్కటీ లేదు. కొత్త భవనాల కోసం తవ్విన గుంతలన్నిటిలోకీ తొంగిచూస్తూ నడిచాను. వాటిలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఎవరైనా ఆపి అడిగితే అమ్మ తన పేరు కూడా చెప్పలేదు.

గచ్చిబౌలి చౌరస్తాలో రోడ్డు మధ్య రాళ్లపొయ్యి పెట్టి, నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. ఆడవాళ్ల మధ్య అమ్మ కూర్చుని ఉంది. కొంగున మూట. చేతులు పసుపు.

గరిటె పట్టుకున్న ఒకామె నన్ను చూసి, "మీ అమ్మనా? వంటకే తెచ్చిందనుకున్నం. గంట నుంచి అడుగుతున్నం, ఒక్క గింజ ఇయ్యదు. మా కన్న గట్టిగ కొట్లాడుతున్నది" అంది. అందరూ నవ్వారు.

ఇంటికి పోదామంటే అమ్మ లేవలేదు. బిడ్డకు ఒడిబియ్యం పోయాలంది.

"నేనే నీ బిడ్డను. నాకే పొయ్యి" అని అంతమందిలో చున్నీ చాపాను.

నన్ను కిందికీ మీదికీ చూసి మూట గట్టిగా పట్టుకుంది. "నువ్వు గాదమ్మా. నా బిడ్డకు నా మీద కోపం. పిలిస్తె రాదు. అందుకే నేనే పోతున్న."

మా ఇంట్లోంచి మా ఇంటికే బయలుదేరిందన్నమాట. ఆ ఇల్లు నాకు తెలుసు, చూపిస్తానన్నాను. అప్పుడు లేచింది. దారంతా, జర జల్ది నడవమని నన్నే కసిరింది.

ఇల్లు చేరాక గదులన్నీ చూసి వచ్చి, బిడ్డ ఏదని అడిగింది.

"ఆఫీసుకు పోయింది. వస్తది."

రెండోసారి కూడా నాకు పోయలేదు. ఇదీ మరిచిపోను. తలుపుకు లోపల తాళం వేసి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం.