అరబీ వినే మధ్యాహ్నాలు

నాకు అరబీ రాదు. అయినా గురువారం మధ్యాహ్నాలు భోజనమయ్యాక అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, ఏదో దూరదేశపు విశ్వవిద్యాలయంలో అరబీ భాష గురించి, అరబ్బుల జీవితం గురించి అరబీలోనే చేసే ప్రసంగాలు ఫోనులో వింటాను. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఆ వేళకి అలికిడి తక్కువ. కాలవ నీళ్ళ చప్పుడు, ఎవరి తోటలోనో కొబ్బరికాయలు దింపుతున్న చప్పుడు, వాటి మధ్య ఆ గొంతు. కాసేపటికి కళ్ళు మూతపడతాయి. అప్పుడు ఆ గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టుంటుంది.

నా భార్య చాలా ఏళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసింది. నేను ఇక్కడి బళ్ళో తెలుగు చెప్పాను. తిరిగొచ్చాక ఆమె నోట అరబీ మాట ఎప్పుడూ వినలేదు. పోయిన ఏడాది జబ్బు ముదిరాక, ఆఖరి రోజుల మగతలో ఆ భాషలో మాట్లాడింది. ఎవరికో బదులు చెబుతున్నట్టు, నెమ్మదిగా. నేను మంచం పక్కన కూర్చుని వినేవాణ్ణి.

గ్లాసు బరువు మోయలేకపోయేది. అందుకని ఆమె కువైట్ నుంచి తెచ్చి షోకేసులో పెట్టుకున్న చిన్న కప్పు తీశాను. పిడి లేని కప్పు. అందులో కొంచెం కొంచెం కాఫీ పోసి ఇచ్చేవాణ్ణి. చివరి ఉదయం ఆ కాస్తా తాగి, ఖాళీ కప్పు నా వైపు చాచి అటూ ఇటూ ఆడించింది. ఇంకా కావాలంటోందనుకున్నాను. ఫ్లాస్కులో చుక్క లేదు. వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. అవి పొంగేలోపు ఆమె పోయింది.

పాస్టరు గారు, చుట్టాలు చెప్పిన ఓదార్పు మాటలన్నీ విన్నాను. అడిగింది ఇవ్వలేకపోయానన్నది మాత్రం లోపల ఉండిపోయింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఫ్లాస్కు నిండా కాఫీ కలిపి పెడుతున్నాను. సాయంత్రం పారబోస్తున్నాను. ప్రసంగాలు మొదలుపెట్టింది కూడా ఆ తరవాతే. ఆమె మాట్లాడిన చప్పుడు మళ్ళీ ఎక్కడైనా వినపడుతుందేమోనని.

ఎదురింటావిడ కూడా కువైట్‌లో పనిచేసి వచ్చిందే. నా భార్యను అక్కా అని పిలిచేది, అందుకని నేను ఆవిడకి బావగారిని. ఒక గురువారం కూరగిన్నె తెచ్చి, కాసేపు నిలబడి విని నవ్వింది.

"ఏంటండీ బావగారూ, ఈ వయసులో పరీక్షకేవన్నా కడతారా?"

ఏమంటున్నాడో చెప్పమన్నాను. ఫోను దగ్గరికి చెవి పెట్టింది.

"మా మేడమ్ ఎప్పుడూ ఇలా మాట్లాడలేదండీ. ఇది బైబిల్లో తెలుగులాగుంది. అన్నం వండు, పిల్లాణ్ణి ఎత్తుకో అంటే నేను చెప్పగల్ను గానీ, ఇదెక్కడ చెప్పనండీ."

అన్నది గానీ అరుగంచున కూర్చుంది. చుట్టాలకి చేసే మర్యాద గురించి చెబుతున్నాడని మాత్రం పట్టుకోగలిగింది.

ఫోను తెరమీద ప్రసంగించే పెద్దాయన బల్లమీద ఫ్లాస్కు పెట్టి, సభలోంచి ఒకతన్ని పిలిచాడు. అతని చేతికి పిడి లేని చిన్న కప్పు ఇచ్చి కాఫీ పోశాడు. అతను తాగాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ తాగాడు. సభ నవ్వుతోంది. ఎలా ఆపాలో తెలియక అతను తాగుతూనే ఉన్నాడు. చివరికి పెద్దాయన అతని మణికట్టు పట్టుకుని ఖాళీ కప్పును అటూ ఇటూ ఆడించాడు. ఫ్లాస్కు మూత పెట్టేశాడు.

"అలా ఆడిస్తే ఏమిటి?" అని అడిగాను.

"ఇంక చాలనండీ. ఆడించకపోతే పోస్తానే ఉంటారు. ఓ పండక్కి మా మేడమ్ వాళ్ళ ముసలావిడ నన్ను కూర్చోబెట్టి పోసింది. తెలీక ఎంత తాగేసేనో."

"మీ అక్కకి తెలుసా ఇది?"

"ఆయ్, తెలీకేమండీ. తను పనిచేసిన ఇంటికొచ్చినోళ్ళకి పోసిందంతా అక్కే. ఎవరి కప్పు ఆడుతుందా అని చూసుకుంటా నిలబడ్డమే కదండీ పని."

ఎందుకడిగానో చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, కూర చల్లారిపోతుందని చెప్పి వెళ్ళింది.

ఆ చివరి ఉదయం ఆమె చెయ్యి ఉత్తినే వణికిందేమో కూడా. కాదని చెప్పగలవాళ్ళు లేరు. కానీ వణుకు ఎలా ఉండేదో నాకు తెలుసు, చాలా రోజులు చూశాను. ఇది అది కాదు.

ప్రసంగం ఇంకా సాగుతోంది. ఆపలేదు. కునుకు పట్టింది. నేనెప్పుడూ చూడని ఆ ఇంట్లో, తివాచీ మీద వరసగా కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె ఫ్లాస్కు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా వంగి పోస్తూ వస్తోంది. నా దగ్గరికి వచ్చి పోసింది. తాగాను. ఆమె నా చేతివైపు చూస్తూ నిలబడింది. నేను కప్పు ఆడించలేదు.

మర్నాడు పొద్దున్న ఒక్కరికి సరిపడా కాఫీ పెట్టుకున్నాను.