ఛాతీనొప్పి సెలవులు

నా మొగుడు అబద్ధాలకోరని నన్ను కాగితం మీద రాసిమ్మన్నారు. ఇంట్లో ముప్పై ఏళ్లు ఆ మాట అనని రోజు లేదు. అయినా కోర్టు కాగితం వేరు కదా!

ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. రిటైరయ్యే ముందు ఒక ప్రైవేటు కంపెనీ జీవిత బీమా తీసుకున్నాడు. రిటైరైన మరుసటి ఏడే గుండె ఆగి పోయాడు. కమాన్‌పూర్‌లో మా కొత్త ఇల్లు గోడల దాకా లేచి ఆగింది. బీమా డబ్బు వస్తేనే పైన స్లాబు. బీమా వాళ్లేమో ఇవ్వమని ఉత్తరం పంపారు. పాలసీకి ముందు మూడుసార్లు ఛాతీనొప్పని బొగ్గుబాయి వాళ్ల దవాఖాన పుస్తకంలో ఉందట, గుండెజబ్బు దాచిపెట్టాడట.

దాచడమా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సెలవు దొరక్కపోతే ఆయన చేసే పనే అది. "నడుమునొప్పంటే గోలీలిచ్చి తోలుతరు. ఛాతీల నొస్తుందంటే లీవు రాస్తరే," అని నవ్వుకుంటూ పొలంలో నాట్లకు పోయేవాడు.

ఫీజు తీసుకోకుండా ఇలాంటి కేసులు చూసే వకీలమ్మ కోర్టు ఆవరణలో కూర్చుంటుందంటే పోయాను. నా బిడ్డ ఈడుది. అంతా విని, "గట్లయితే మంచిదేనమ్మా. లీవు కోసం చెప్పిండు, నొప్పి నిజం కాదని నువ్వు ప్రమాణం చేసి రాసియ్యాలె. వినియోగదారుల కమిషన్ల కేసేద్దాం," అంది.

మంచిదేనంటుందేమిటి ఈ పిల్ల? ఆయన అబద్ధమాడి ఉంటే మా ఇంటికి కప్పు వస్తుంది, నిజం చెప్పి ఉంటే రాదు. పోయిన మనిషి గురించి ఏది కోరుకోవాలో నాకు అర్థం కాలేదు.

ఆమె తేదీలు చూసింది. "రెండు నాట్లప్పటియి. ఈ మూడోది నడి ఎండకాలంల ఉంది. అప్పుడేం పని ఉండె అమ్మా?"

ఎండాకాలంలో పొలంలో ఏముంటుంది, నా తలకాయ! ఎవరిదన్నా పెళ్లా? ఊరికేమన్నా పోయామా? ఎంత వెతికినా తట్టలేదు. తర్వాత ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. దవాఖాన నుంచి వచ్చి, చాప కూడా పరుచుకోకుండా కూలర్ ముందు పడుకున్నాడు. బనీను చెమటకు తడిసిపోయింది. "కొన్ని నీళ్లియ్యవే," అన్నాడు.

"డాక్టరు ముంగట ఆడినవ్, సాలు. నా దగ్గర నాటకాలెందుకు? లేచి తాగు," అన్నాను. ఆయన మెల్లగా లేచి, తానే ముంచుకుని తాగాడు.

"చెప్పమ్మా, ఏమని రాయాలె?" వకీలమ్మ కలం పట్టుకుని చూస్తోంది.

అబద్ధమనే రాయి బిడ్డా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంటి కప్పు కోసమో, నా కోసమో తెలియలేదు. భయమేసింది.

"తెల్వది," అన్నాను.

"తెల్వదంటే కేసు గట్టిగుండదమ్మా. మల్ల యాది చేసుకో."

"యాదికుంది బిడ్డా. నొప్పుందా అని ఆ రోజు నేను అడగలె."