కుడి సీటు పాఠం

మీరు చేసిన తప్పును ఎనిమిది లక్షల మంది మీ దగ్గరే నేర్చుకున్నారని తెలిస్తే, ఆ సంగతి మీ నోటితో మీరే చెబుతారా? వెంటనే తల ఊపకండి. చెప్పకపోతే నిలదీసేవారు ఎవరూ లేరు, చెబితే పోయేది ముప్పై ఏళ్ల పేరు. ఈ రెండూ కలిపి ఆలోచించి, అప్పుడు ఊపండి.

మెల్లిగమ్మ ముందు నిలిచిన ప్రశ్న సరిగ్గా ఇదే.

ఊరి చివర గోదాముల వెనక, గడ్డి నడుమ ఒక తారు పట్టీ ఉంది. దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో రెండు సీట్ల చిన్న విమానం. ఊరి ఫ్లయింగ్ క్లబ్బంటే అదే. అక్కడికి వచ్చేవాళ్లెవరూ ఉద్యోగం కోసం విమానం నేర్చుకోరు. పళ్ల డాక్టరు, లిఫ్టులు బాగుచేసే మనిషి, గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చే అమ్మాయి. వారమంతా నేలను అంటిపెట్టుకుని బతికి, సెలవునాడు ఒక్క గంట గాలిలో ఉండాలని ఆశపడే మామూలు మనుషులు వాళ్లు. ముప్పై ఏళ్లుగా వాళ్లకు నేర్పుతున్నది ఆమే. విద్యార్థి ఎంత కంగారుపడినా పక్క సీటులోంచి వినిపించే మాట ఒకటే: "మెల్లిగా... మెల్లిగా." ఆ మాటే ఆమెకు పేరై కూర్చుంది. అసలు పేరు ఆమె లైసెన్సు మీద తప్ప మరెక్కడా వినిపించదు.

విమానం ఒక్కటే, నేర్చుకునేవాళ్లు ఇరవై మంది. నెలకు రెండు గంటలు దక్కడమే గగనం. ఈ వారం నేర్చుకున్నది పై వారానికి చేతుల్లోంచి జారిపోయేది. విసిగిపోయిన మెల్లిగమ్మ ఒకరోజు తన భుజానికి చిన్న కెమెరా కట్టుకుని విమానం ఎక్కింది. పైకి లేవడం, మలుపు తిరగడం, దిగడం అన్నీ తీసి, వెనకనుంచి తన గొంతుతో వివరించి, ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇరవై మంది చూస్తే చాలనుకుంది.

ఇంట్లో పాత సామాన్ల గది బడి అయింది. ఆమె భర్త దర్జీ. గొంతు గదిలో మారుమోగకుండా కోటు గుడ్డ ముక్కలు కుట్టి గోడలకు తగిలించాడు. క్లబ్బులోనే మెకానిక్‌గా పనిచేసే ఆమె తమ్ముడు భోజనాల కుర్చీ ముందు, విమానం ముక్కును పక్కలకు తిప్పే పాదాల పెడళ్లు రెండు బిగించి, చీపురుకర్రకు తీగలు చుట్టి కంప్యూటర్‌కు కలిపాడు. కర్ర కదిపితే ఎదుట తెరమీద విమానం కదిలేది. పైకి ఎగరకుండానే ఎగరడం సాధన చేసుకునే ఏర్పాటది.

"చీపురేదని అడిగితే గాల్లో ఉందంటావు. ఇదేం కాపురమోయ్!" అనేవాడు దర్జీ.

"మీరు ఊడుస్తానంటే ఇప్పుడే దించుతా" అనేది ఆమె.

పాఠాలను కత్తిరించి అతికించే పని కూడా ఆయనదే. ఎక్కడ కత్తెర పెట్టాలో నలభై ఏళ్లుగా తెలిసిన చెయ్యి మరి. మూడేళ్లు తిరిగేసరికి 'నేలకు దిగడం' అన్న పాఠం ఒక్కటే ఎనిమిది లక్షల మంది చూశారు. నేర్పేవాళ్లు దొరకని దూరపు చోట్లనుంచి ఉత్తరాలు. పసిబిడ్డకు పాలు పడుతూ చెవిలో ఆమె గొంతు వింటానని రాసిన తల్లి. తమ విమానం నడుమ ఫోను బిగించి, దిగుతున్నప్పుడు తీసిన వీడియోలు పంపి, తప్పులు చెప్పమని వేడుకునేవాళ్లు. మెల్లిగమ్మ ఒక్కొక్కటే చూసి, ఫలానా నిమిషం ఫలానా సెకను దగ్గర నీ పాదం బద్ధకించింది అని జవాబు రాసేది.

గ్రంథాలయం అమ్మాయి మొట్టమొదటిసారి విమానం ఎక్కిన రోజును ఆమె మరిచిపోలేదు. అంతకుముందు ఆ పిల్ల విమానాన్ని చేత్తో తాకి ఎరగదు. అయినా ఇంజిను ఆన్ చేయమని చెప్పబోయేలోగా ఆ చెయ్యి సరైన మీటమీద వాలింది. మలుపు దగ్గర తల ముందు ఎడమకు, తర్వాత కుడికి తిరిగింది. అచ్చం తను తిప్పినట్టే.

"ఎవరు నేర్పారమ్మా?"

"మీరే మేడం. రోజూ మా వంటింట్లో నేర్పుతారుగా."

మెల్లిగమ్మ ఆ పిల్ల చేతివైపే చూసింది. తను గుమ్మం దాటి ఎరుగని ఇంట్లో తన చెయ్యి తిరుగుతోంది. మనిషి ఒకచోటే ఉండి ఇన్నిచోట్ల ఉండగలగడం ఏమిటన్న విస్మయం ఆ పూటంతా ఆమెను వదల్లేదు.

ఆ అమ్మాయి ఒంటరిగా మొదటిసారి ఎగరవలసిన ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా, తమ్ముడు ఆమెను షెడ్డులోకి పిలిచాడు. విప్పిన టైరును ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

"అక్కా, ఇది తడిమి చూడు."

"పాతదైపోయింది. మార్చెయ్యి."

"మార్చి మూడు నెలలు కాలేదు. ఒక పక్కే ఎలా అరిగిందో చూశావా? ఈ ఏడాదిలో ఇది మూడోది. నీ శిష్యులు విమానాన్ని దించట్లేదే, పక్కకి ఈడుస్తున్నారు."

"గాలి ఉంటుంది కదరా."

"మూడేళ్లుగా ఒకే పక్కనుంచి వీస్తోందా నీ గాలి? నువ్వు పక్కనుంటే బానే దిగుతారు. ఒంటరిగా వెళ్లినప్పుడే ముక్కు ఎడమకి తిప్పి దిగుతున్నారు, అందరూ. ఇవాళ టైరు అరిగింది. గాలి గట్టిగా ఉన్నరోజు చక్రాన్ని మోసే కాలే విరుగుతుంది. అప్పుడు లోపలున్న మనిషి సంగతేంటి?"

ఆమె ఇంటికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. దూరపు విద్యార్థులు పంపిన వీడియోలను ఇన్నాళ్లూ ఒక్కొక్కటిగానే చూసింది. ఒక్కోదానిలో కొంచెం వంకర కనిపిస్తే అక్కడి గాలి అనుకుని ఊరుకుంది. ఈసారి పన్నెండింటిని తెరమీద పక్కపక్కన పేర్చి, చక్రాలు నేల తాకే క్షణం ఒక్కటయ్యేలా కలిపి నడిపింది.

పన్నెండు నేలలు పైకి లేచాయి. తారు పట్టీల నడిమి పన్నెండు తెల్లగీతలు దగ్గరయ్యాయి. సరిగ్గా చివరి క్షణంలో ఆ పన్నెండు గీతలూ ఒక్కసారిగా కుడివైపుకు జారాయి. అంటే పన్నెండు ముక్కులూ ఎడమకు తిరిగాయి. ఎవరికెవరూ తెలియని పన్నెండుమంది పాదాలను ఒకే పాదం కదిపినట్టుంది. భయమేసింది. ఆ భయంలోనూ చూపు తిప్పుకోలేనంత వింతగా ఉంది.

మర్నాడు గ్రంథాలయం అమ్మాయిని ఇంటికి పిలిపించి, భోజనాల కుర్చీలో కూర్చోబెట్టి విమానాన్ని దించి చూపమంది. తెరమీద నేల దగ్గరైంది. చివర్లో ఆ పిల్ల ఎడమ పెడల్ మెత్తగా నొక్కింది.

"ఆగు. ఇప్పుడెందుకు నొక్కావు?"

"ముక్కు గీతకి ఎడమ పక్కన కనపడాలిగా మేడం. అప్పుడేగా తిన్నగా ఉన్నట్టు?"

"ఎవరు చెప్పారలా?"

అమ్మాయి బిత్తరపోయింది. "ఎవరూ చెప్పలేదండీ. మీ పాఠంలో అలాగే కనపడుతుంది. వందసార్లు చూసుంటాను."

మెల్లిగమ్మ పాఠం తెరిచింది. నిజమే. విమానం ముక్కు గీతకు ఎడమ పక్కనే ఉంది. ఎందుకుండదు? నేర్పేవాళ్లు కూర్చునేది కుడి సీటు. కెమెరా కట్టింది తన భుజానికి. కుడిపక్కనుంచి చూస్తే, తిన్నగా పోతున్న విమానం ముక్కు ఎడమనే కనిపిస్తుంది. కాని విద్యార్థి కూర్చునేది ఎడమ సీటు. అక్కడినుంచి అదే ముక్కు కుడిపక్కన కనిపించాలి. ఎడమ సీటులో కూర్చుని కుడి సీటు దృశ్యాన్ని తెచ్చుకోవాలంటే విమానాన్ని వంకర తిప్పక తప్పదు. పక్కన తను ఉన్నప్పుడు ఆ వంకర బయటపడలేదంటే, ఆఖరి క్షణంలో తన వైపు పెడల్‌మీదున్న కుడిపాదం, తనకే తెలియకుండా, సర్దేసింది కాబట్టి.

అదంతా విని తమ్ముడు నవ్వలేదు. "ఎడమ సీట్లో కూర్చుని ఎన్నేళ్లయిందక్కా నువ్వు?"

లెక్క వేసుకుంది. ఇరవై ఏళ్లు. నేర్చుకునే మనిషికి లోకం ఎలా కనిపిస్తుందో చూసి ఇరవై ఏళ్లు.

క్లబ్బు కార్యదర్శికి చెప్పింది. ఆయన ముందు తలుపు దగ్గరగా వేశాడు. "ఎవరితోనైనా అన్నారా?"

"ఇంకా లేదు."

"అనకండి. పాతది తీసేసి, ఎడమ సీటునుంచి కొత్తది తీసి పెట్టండి. ఏదో మెరుగుపరిచామంటే సరిపోతుంది. ముప్పై ఏళ్ల పరువమ్మా, చేజేతులా మట్టిలో కలుపుతారా?"

"కొత్తది కొత్తవాళ్లు చూస్తారు. పాతది కళ్లల్లో పెట్టుకున్నవాళ్లో?"

"వాళ్లే సర్దుకుంటారు."

"సర్దుకోలేదు కాబట్టే కదా టైర్లు అరిగాయి?"

ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. అబద్ధం ఆడకుండానే నిజాన్ని పాతిపెట్టే పద్ధతులు లోకంలో బోలెడున్నాయి. వాటిలో అన్నిటికన్నా మర్యాదైనది ఆయన చూపించినదే.

ఆదివారం ఉదయం గ్రంథాలయం అమ్మాయి కొత్త బూట్లతో వచ్చింది. మెల్లిగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇవాళ నువ్వు కాదమ్మా. ముందు నేను నేర్చుకోవాలి" అంది. భుజానికి కెమెరా కట్టుకుని, ఎడమ సీటులో ఒంటరిగా కూర్చుంది. పక్కన ఖాళీ సీటు చూసి, అదెవరిదో ఒక్క క్షణం అర్థం కాలేదు.

పైకి లేచాక చేతులకు తేడా తెలియలేదు. దిగేటప్పుడు తెలిసింది. కళ్లు కుడి సీటు దృశ్యాన్నే వెతుక్కున్నాయి, పాదం దానికి లొంగింది. ముక్కు ఎడమకు తిరిగింది. చక్రాలు తారుమీద కీచుమన్నాయి. ఆ కేక షెడ్డుదాకా వినిపించింది.

"దొరికింది అసలు దొంగ!" అని అరిచాడు తమ్ముడు.

రెండోసారి కాస్త నయం. మూడోసారి "మెల్లిగా" అని తనకు తనే చెప్పుకుంటూ, ముక్కును కుడిపక్కనే వదిలేసి, ఎదురుగా పట్టీ దూరపు చివరను మాత్రం చూసింది. విమానం నేలను తాకిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. ఇంజిను ఆపేసినా దిగకుండా కూర్చుండిపోయింది. ఇక్కడినుంచి ఆకాశం ఇంత పెద్దదా? ఈ సీటులో కూర్చుని వణికిన ప్రతి మనిషీ ఇంత చూశాడా? పక్కన కూర్చుని తనేం చూసింది ఇన్నేళ్లూ?

ఆ మధ్యాహ్నం దర్జీ కంప్యూటర్ ముందు కళ్లజోడు సర్దుకున్నాడు. మూడు ల్యాండింగులూ తెరమీదున్నాయి.

"మొదటి రెండూ తీసేస్తానోయ్. మూడోది పట్టులా ఉంది. దాన్నే పెడదాం."

మెల్లిగమ్మ గుడ్డలు తగిలించిన గోడకు ఆనుకుని నిలబడింది. గ్రంథాలయం అమ్మాయి గుమ్మంలో ఉంది, తమ్ముడు ఆమె వెనక.

"పాత పాఠం ఇప్పుడే తీసెయ్యండి" అంది. "కొత్తది నా వంకర ల్యాండింగుతో మొదలవ్వాలి. ఆ కీచుమన్న చప్పుడుతో సహా. దానిమీద నా గొంతు పెడతాను. ఇది నేను మీకు నేర్పిన తప్పు, మీది కాదు అని చెబుతాను. వీడియోలు పంపినవాళ్లందరికీ విడివిడిగా ఉత్తరాలు రాస్తాను. ఇక్కడివాళ్లు ఒక్కొక్కరూ నాతో మళ్లీ దిగి చూపించాకే ఒంటరిగా ఎగరాలి."

"ఎనిమిది లక్షల మంది చూసిందే!" అన్నాడు దర్జీ.

"అందుకే."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత మొదటి ల్యాండింగును ముందుకు జరిపి, ఎక్కడా కత్తెర పెట్టకుండా మౌస్ వదిలేసి, మైకు ఆమె వైపుకు తిప్పాడు.