వదిన అడిగిన పెద్ద మాటలు

మొన్న హనుమకొండలో ఒక దవాఖానకు పాత స్నేహితుణ్ణి చూడటానికి వెళ్లాను. పక్క మంచం మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. డాక్టరు రాగానే ఆయన కూతురూ అల్లుడూ గొంతు తగ్గించి ఇంగ్లీషులోకి మారారు. పెద్దాయన ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు నేను ఎరిగిందే. స్నేహితుడికి తెచ్చిన బత్తాయిలు అక్కడ పెట్టి, ఎక్కువసేపు కూర్చోలేక వచ్చేశాను. ఏడాది కిందట పోయిన మా వదిన గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను.

వదిన అంటే మా అన్న భార్య. వరంగల్ బజారులో మా ఇంటివాళ్లకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పేరుకు అది అన్నదే గాని, గల్లా దగ్గర కూర్చుని నడిపింది వదినే. పాలకుర్తి వైపు నుంచి పెళ్లి సామాన్లకు వచ్చేవాళ్లు అన్న ఒక్కడే కనిపిస్తే మెట్ల మీదే ఆగి, "అక్క లేదా?" అని అడిగేవాళ్లు. ఆమె చదువు ఊళ్లోని తెలుగు బడితో ఆగిపోయింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంట్లో ఎప్పుడూ ఏదో పుస్తకం పట్టుకుని ఉంటానని, "ఇన్ని పుస్తకాలు తిన్నా మా మరిదికి ఒళ్లు రాలే" అని వదిన వచ్చేపోయేవాళ్లతో చెప్పి నవ్వేది.

ఆమెకు జబ్బు బయటపడినప్పుడు ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, అయినా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. ఆమె ముందు జబ్బు సంగతి ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఆమె కొడుకు డాక్టరును గది బయటే ఆపి ఆ మాట చెప్పేవాడు. ఇలాంటి ఇళ్లు చాలా చూసినవాడిలా ఆయన తల ఊపేవాడు. అన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మేం మొదలుపెట్టగానే చాయ్ తెస్తానని ఫ్లాస్కు పట్టుకుని లేచేవాడు. కడుపులో పుండు ఉందని, మందులతో తగ్గుతుందని వదినకు చెప్పాం. ప్రేమతోనే చెప్పాం. ఆ ఒక్క కారణం అప్పట్లో మాకు సరిపోయింది.

రెండోసారి దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "మరిదీ, నాకు జర ఇంగ్లీషు నేర్పరాదు?" అంది. నేను సంబరపడి పిల్లి, కుక్క, ఆవుతో మొదలుపెట్టాను.

"అయి పిల్లలకు చెప్పుకో. నాకు పెద్ద పెద్ద మాటలు కావాలె. మీరు మాట్లాడుకునేటియి."

"చిన్నయి రాకుంట పెద్దయెట్ల వస్తయి వదినా?"

"దుకాణంల కొత్తగ కూసున్ననాడు నేను మొదాలు అమ్మింది చెంచా కాదు, గంగాళం. నువ్వు చెప్పు."

కాలక్షేపం కోసం అడుగుతోందనుకున్నాను. పరీక్షలకు చదివే పిల్లలకు నేను కష్టమైన పదాలు చెప్పేవాణ్ణి, అవే ఆమెకూ చెప్పాను. ఆమె ఏదీ రాసుకునేది కాదు. ప్రతి మాటకూ దుకాణానికి వచ్చే ఒక గిరాకీని వెతికి పెట్టుకునేది. రిలక్టెంట్ అంటే మనసొప్పక వెనకాడటం అని చెబితే, "గిన్నె లేవట్టి, కింద వెట్టి, మల్ల లేవట్టేటామె" అంది. ఆంబిగ్యుయస్ అంటే రెండు తీర్లుగా అర్థమయ్యే మాట అంటే, ఆలోచించకుండానే "'చూసొస్త' అని పోయేటోడు" అంది. ఆబ్‌స్టినేట్‌కు మరిపెడ నుంచి వచ్చే ఒక రైతు దొరికాడు. ఏ సామాను కొన్నా దాని మీదికి ఒక మూత ఊరికే ఇచ్చేదాకా అతను మెట్టు దిగేవాడు కాదట. నేర్చుకున్న మాటలను చుట్టాల మీద ప్రయోగించేది. చూడటానికి వచ్చిన మా చెల్లెలితో, "నీ మొగుడు మస్తు రిలక్టెంటే, లోపటికి రమ్మను" అంది. ఇల్లంతా నవ్వింది. ఇక కలెక్టరు పరీక్షకు కూర్చోవడమే మిగిలిందన్నాడు అన్న. ఒకరోజు క్యాండిడ్ అనే మాట చెప్పాను. మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "గిరాకీలల్ల ఉన్నరు. మనింట్ల ఎవలున్నరు?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, "పాలియేటివ్ అంటే ఏంది?" అని అడిగింది. అది నేను చెప్పిన మాట కాదు. ఎక్కడ విన్నావని నేను అడగలేదు. ఎక్కడ విన్నదో నాకు తెలుసు. రోగం తగ్గదని తేలాక, నొప్పి మాత్రం తగ్గించే వైద్యానికి డాక్టరు మాతో వాడిన మాట అది.

"నొప్పి తగ్గించేది" అన్నాను.

"నొప్పి తగ్గించేదా, రోగం తగ్గించేదా?"

"రెండూ ఒకటే వదినా."

ఆమె నా ముఖం వంక చూసింది. "దీనికి గిరాకీ దొర్కుతలేడు మరిదీ" అని గోడవైపు తిరిగి పడుకుంది. మాటలకు అర్థాలు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను. ఆ సాయంత్రం పుస్తకం తెరిచి, ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేకపోయాను.

మళ్లీ దవాఖానలో చేర్చినప్పుడు, ఆమెను హైదరాబాద్ తీసుకుపోయి ఇంకా గట్టి వైద్యం చేయించాలని కొడుకు పట్టుబట్టాడు. డాక్టరు మంచం పక్కనే నిలబడి ఇంగ్లీషులో వివరించాడు. అక్కడికి వెళితే మిగిలిన రోజులు చాలావరకు దవాఖానలోనే గడుస్తాయి, కలిసొచ్చేది తక్కువ అన్నాడు. ఆమెకేం కావాలో ఎవరైనా అడిగారా అన్నాడు. ఆమెకేమీ తెలియదని, మేమే నిర్ణయిస్తామని కొడుకు ఇంగ్లీషులోనే చెప్పాడు.

"ఇంటికే తోలియ్యుండ్రి సారూ" అంది వదిన.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు.

"సగం మాటలు మా మరిది నేర్పిండు. కడమ సగం వీళ్ల మొఖాలు జూస్తె సమజైంది."

"అమ్మా, అట్ల కాదే..." అన్నాడు కొడుకు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నాకెర్క లేదని మీరు మాట్లాడిండ్రు, ఎర్క లేనట్టు నేను పండుకున్న. ఇద్దరం అలిసిపోయినం." అన్న అప్పుడే గుమ్మం దాటబోతున్నాడు. ఆమె అటు చూసి, "నువ్వా ఫ్లాస్కు కింద వెట్టు. ఎన్ని చాయ్‌లు తాగిపిస్తవు మమ్ముల?" అంది. అన్న ఫ్లాస్కు కింద పెట్టి అక్కడే నేల మీద కూర్చున్నాడు. డాక్టరు స్టూలు లాక్కుని మొదటిసారి ఆమెతో తెలుగులో మాట్లాడాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. మేం మూసిన తలుపు అవతల ఏముందో వినడానికి ఆమె నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంది. అడిగితే చెప్పగలిగిన నేను పక్కనే ఉన్నా, ఆమె అంత చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇంటికి వచ్చాక వదిన ఊరికే పడుకోలేదు. ఆటోలో దుకాణానికి వెళ్లి కాసేపు గల్లా దగ్గర కూర్చునేది. ఎవరికి అరువివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో కొడుక్కి చెప్పేది. అన్నకు అన్నం వండటం నేర్పుతూ, మాడబెట్టినప్పుడల్లా తిట్టేది. భార్యాభర్తలిద్దరూ తలుపు తీసే ఉంచి, అందరికీ వినపడేలా ఏడ్చారొకసారి. కొత్త మాట ఏదైనా చెప్పనా అని నేను అడిగితే, "ఇగ నాకు ఇంగ్లీషుతోని పని లేదు మరిదీ. అందరు తెలుగుల మాట్లాడుతాండ్రు గద" అంది.

ఆమెకు మిగిలిన కాలం ఎంతో మాకందరికీ తెలుసు. అది ఆమె కాలమన్న సంగతిని మాత్రం, సగానికి పైగా మేమే ఖర్చు చేసేశాక, ఆమె చేతనే చెప్పించుకున్నాం.