మగ్గం గుంత చల్లదనం

ఇది జరిగినప్పుడే రాయకపోవడానికి కారణం ఒక్కటే. అప్పటికి నాకు అక్షరాలు రావు. నలభై దాటాక, మంచంలో పడ్డాక నేర్చుకున్నాను. మనసు నొప్పి మీదికి పోకుండా ఏదైనా పని పెట్టుకోమని, కాళ్లకు వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. మా ఆయన పలక, బలపం కొనుక్కొచ్చాడు. గుణింతాలు దాటడానికే చాలా కాలం పట్టింది. ఇప్పుడు ఒత్తులు తప్పకుండా రాయగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

దయ్యాల మీద, గాలి సోకడం మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. జ్వరం వస్తే తాయెత్తు కట్టించుకునే వాళ్లను చూసి నవ్వేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది గద్వాల. నేత పనివాళ్లం. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండింటినీ నేతలోనే కలపాలి కాబట్టి మగ్గానికి ఇద్దరు కావాలి. నేను నడుమ కూర్చుని, కాళ్లు గుంతలోకి దింపి, చెక్కలు తొక్కుతూ నేసేదాన్ని. ఆయన పక్కన కూర్చుని, పట్టు పోగును అటూ ఇటూ పరిగెత్తించే అంచు నాడె వేసేవాడు. ఎండాకాలం ఊరంతా ఉడికిపోయినా ఆ గుంతలో మట్టి చల్లగా ఉండేది. పొద్దున కాళ్లు దింపగానే ఆ చల్లదనం మోకాళ్ల దాకా ఎక్కేది. అది సుఖమని అప్పుడు తెలియలేదు.

అయిజలో చుట్టాలింటికి పోయి వస్తుంటే ఆటో బోల్తా పడింది. నడుము దగ్గర ఎముక విరిగి వెన్నుపాము నలిగింది. ఆపరేషన్ చేశారు. నడుము కింద కదలిక రాలేదు, స్పర్శ రాలేదు.

స్పర్శ లేని కాళ్లకు నొప్పి ఉంటుందని ఎవరనుకుంటారు? గిచ్చినా తెలియని నా పాదాలు రోజూ మధ్యాహ్నానికి మండడం మొదలుపెడతాయి, మరిగే గంజిలో ముంచినట్టు. నలిగిన నరం తప్పుడు కబురు పంపుతుంది, మెదడు దాన్ని నమ్ముతుంది, నొప్పి మాత్రం నిజమేనమ్మా అని డాక్టరు చెప్పాడు. అది తెలియక ముందు, నరాలు పట్టేశాయనుకుని మా తోటికోడలు మంజుల ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టింది. కాలుతున్న సంగతి నాకు తెలియలేదు. మడమలు బొబ్బలెక్కి నెలల తరబడి మానలేదు. అప్పటి నుంచి వేడిని దగ్గరికి రానివ్వం.

మాత్రలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు. నోరు ఎండుతుంది, తల మత్తుగా ఉంటుంది, మంట సగానికి దిగుతుంది. మిగిలిన సగాన్ని దిండ్లు మార్చుకుంటూ, పక్కకు తిప్పించుకుంటూ, అక్షరాలు దిద్దుకుంటూ గడపాలి.

రెండో మనిషి లేక మా మగ్గం ఆగిపోయింది. చెక్కలు విప్పి అటకెక్కించాం. ఆయన వేరేవాళ్ల మగ్గం మీద అంచు వేయడానికి పోతున్నాడు. గుంత మాత్రం నా గదికీ పెరటికీ మధ్య అట్లాగే ఉండిపోయింది. దాని మీద పాత తలుపు ఒకటి పరిచాం. చక్రాల కుర్చీ దాని మీదికి ఎక్కదు. స్నానాల గదికి పోవాలంటే ప్రతిసారీ ఇద్దరు మోయాలి. ఒకరి చేతుల మీద కాకుండా నా అంతట నేను పోయి రావాలని నా ఆశ. గుంత పూడ్పించి సిమెంటు వేయించమని నేనే పట్టుబట్టాను.

"పూడిస్తే మళ్ల మగ్గం ఎయ్యలేమే," అన్నాడాయన.

"ఎవరు తొక్కుతరని ఎయ్యాలె? గుంత కోసం నన్ను జిందగంత మోస్తవా?"

ఆయన పోయి మేస్త్రిని పిలుచుకొచ్చాడు. మేస్త్రి సిమెంటు బస్తాలు తెచ్చి ఆ పాత తలుపు మీదే పెట్టించాడు. రేపు అమావాస్య, ఎల్లుండి పొద్దున పని మొదలుపెడతానని చెప్పి పోయాడు.

అమావాస్య నాడు మావాళ్లెవరూ మగ్గం ముట్టరు. వీధంతా చప్పుడు లేకుండా ఉంటుంది. ఆ సెలవు చూసుకునే మా ఆయన వనపర్తి దవాఖానకు పోయి నా మాత్రలు తెస్తాడు. ఆ రోజూ పొద్దున్నే బస్సెక్కాడు. మంజుల నాకు అన్నం పెట్టి, తడిగుడ్డతో కాళ్లు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, పక్కనే ఉన్న వాళ్లింటికి పోయింది.

మంట మొదలైంది. ఆ రోజు మరీ ఎక్కువ. పళ్లు బిగబట్టి గోడ వైపు చూస్తున్నాను. తొక్కుడు చెక్క దిగిన చప్పుడైంది. వెంటనే నాడె పరుగు. అమావాస్య పూట ఎవరు నేస్తున్నారని చిరాకుపడ్డాను. తర్వాత తెలిసింది, చప్పుడు వీధిలోంచి రావడం లేదు. మా గుంతలోంచి వస్తోంది.

భయపడే లోపే నా కుడి మడమ చల్లబడింది. తర్వాత అరికాలు. తర్వాత రెండో కాలు. నీళ్లు పోసిన చల్లదనం కాదు, మట్టి చల్లదనం. అది మెల్లగా మోకాళ్ల దాకా ఎక్కింది. మంట లేదు. బొటనవేలి కింద చెక్క తగిలింది. అందులో ఒక పల్లం ఉంది. ఏళ్ల తరబడి నా వేలు అరగదీసిన పల్లం. దాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. అంచు నాడె కూడా వరస తప్పకుండా తిరుగుతోంది. నొప్పి లేదు, మత్తూ లేదు. ఆ కాళ్లు నావి. వెక్కి వెక్కి ఏడ్చాను. చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని ఏడుపు కూడా నోట్లోనే అదుముకున్నాను.

ఎంతసేపో చెప్పలేను. ఎండ వాలేసరికి చప్పుడు ఆగింది. కాసేపటికి మంట తిరిగొచ్చింది.

మంజుల చాయ్ తీసుకొచ్చి, పాదాల కింద దిండు సర్దబోయి ఆగిపోయింది.

"అక్కా, గిదేంది? గుంతల దిగినవా?"

"ఆఁ, ఉరికి పోయి దిగిన. ఎక్కిరియ్యకే."

"ఎక్కిరిచ్చుడు గాదక్కా. జూడు, నీ కాళ్లకు మన్ను."

పాదం ఎత్తి చూపించింది. వేళ్ల సందుల్లో తడి మన్ను, మన్నులో నూలు పీచు. దుప్పటికి మరక లేదు. మేస్త్రి వాకిట్లో పోయించిన ఇసుక ఎర్రగా, పొడిగా ఉంది. ఇది అది కాదు. పాత తలుపు జరగలేదు, దాని మీద బస్తాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మంజుల గడపలో కూలబడి, "నేనేం జెయ్యలే అక్కా, నీ తోడు. ఒక్కదాన్నే నిన్నెట్ల ఎత్తుత?" అంది. అదీ నిజమే.

ఆయన వచ్చాక విన్నదంతా విని, "మాత్రలు గిట్ల ఎక్కువ మింగినవా ఏంది?" అన్నాడు. ఆ మన్ను వేళ్ల మధ్య నలిపి వాసన చూశాక మాత్రం నవ్వలేదు. "నూలుకు పెట్టే గంజి వాసనొస్తున్నది. గిది మన గుంత మన్నే," అన్నాడు. బస్తాలు దించి తలుపు తీసి టార్చి వేశాడు. గుంత ఎండి పగుళ్లు పట్టి ఉంది. ఆ గోడ నుంచి ఈ గోడకు సాలెగూళ్లు ఒక్కటీ తెగలేదు.

డాక్టరుకు చెప్పాను. పాత స్పర్శలను మెదడు గుర్తుచేసుకోవడం ఉంటుందన్నాడు. మన్ను సంగతి అడిగితే మాత్రల చీటీ రాసిచ్చాడు. ఆ తర్వాత ఎన్నో అమావాస్యలు వచ్చి పోయాయి. వీధి మగ్గాలు ఆగిన ఆ మధ్యాహ్నాలు మాత్ర వేళ దాటుతున్నా వేసుకోకుండా చెవులు రిక్కించి పడుకుంటాను. మంజుల తిడుతుంది. ఏ చప్పుడూ రాదు. అది దయ్యమే అయితే, దానికి నేను మొక్కుతాను, ఒక్కసారి మళ్లీ రమ్మని.

చప్పుడు విన్న ఆ అమావాస్య మర్నాడు పొద్దున మేస్త్రి వచ్చి సిమెంటు, ఇసుక పోసి మాలు కలిపాడు. నన్ను గుంత ఒడ్డున కూర్చోబెట్టమన్నాను. మా ఆయన, మేస్త్రి ఎత్తి కూర్చోబెట్టి కాళ్లు లోపలికి దింపారు. కళ్లు మూసుకుని చూశాను. ఏమీ తెలియలేదు.

"పొయ్యమంటవా అమ్మా? మాలు గట్టివడ్తది," అన్నాడు మేస్త్రి.

"ఇయ్యాల వద్దన్నా. వచ్చే అమావాస్య పోనియ్యి."

మేస్త్రి నన్నూ మా ఆయననూ మార్చి మార్చి చూశాడు. మా ఆయన పార తీసుకుని, కలిపిన మాలంతా పెరటి గోడ కిందికి ఎత్తిపోశాడు. తర్వాత నా స్నానం వేళయింది. మంజులను కేకేశాడు. నేను చేతులు చాచాను. ఇద్దరూ నన్నెత్తుకుని, గుంత పక్క నుంచి పెరట్లోకి మోసుకుపోయారు.