చెన్నయ్య అమ్మిన కాలువ

మైత్రి కాలనీలో డెబ్బై రెండు ఇళ్లు. చెత్తబండి ఏ మూలన ఆగాలన్న దాని మీదే మూడేళ్లు మాటలు మానుకున్న జనం వాళ్లు. అలాంటివాళ్లు ఆ ఆదివారం ఖాళీ ప్లాటులో షామియానా వేసుకొని, ఒకరి పక్కన ఒకరు కూర్చొని, ఒకే కాగితం మీద వరసగా సంతకాలు పెడుతుంటే చూడ్డానికి వింతగానే ఉంది. వాళ్లను కలిపిన పుణ్యం కాలనీకి ఎగువన లేస్తున్న విల్లాల వెంచరుది.

ఇబ్రహీంపట్నం చుట్టూ వెంచర్లు కొత్తేం కాదు. కానీ ఈ వెంచరువాళ్లు మేడికుంట నిండితే అలుగు మీంచి పొర్లే నీళ్లు పెద్ద చెరువుకు పోయే కాలువను మట్టి పోసి చదును చేసి, దాని మీద ప్రహరీ గోడ లేపారు. కిందటి ఆగస్టులో కుంట నిండింది. గోడ అడ్డం రావడంతో నీళ్లు పక్కకు తిరిగి కాలనీ మీద పడ్డాయి. పొద్దున ఆరింటికి మోకాలి లోతు, ఏడింటికల్లా నడుము లోతు. శ్యామలమ్మ భర్తకు పక్షవాతం. ఆ మనిషిని మంచంతో సహా నలుగురు మోసుకొని పక్కింటి మిద్దె ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు మళ్లీ జూన్ వచ్చింది, మబ్బు పట్టిందంటే చాలు కాలనీలో ఎవరికీ తిండి సయించడం లేదు.

కాలనీ సంఘం పెద్ద యోబు సారు. సర్కారు బడిలో లెక్కలు చెప్తాడు. నాలుగు సోమవారాలు వరసగా, కాలనీలోనే ఉండే చెన్నయ్యను వెంటబెట్టుకొని కొంగరకలాన్ కలెక్టరేట్‌కు పోయి, ప్రజావాణిలో అర్జీ మీద అర్జీ పెట్టి, ఆఫీసర్ల ప్రాణాలు తోడేసి, చివరికి సర్వేకు ఒప్పించుకొచ్చాడు.

"మంగళవారం సర్వేయర్ మేడమ్ వస్తున్నది," అన్నాడు షామియానా కింద నిలబడి. "కంపెనోళ్లేమో ఆడ కాల్వనే లేదు, మొత్తం పట్టా చేనే అంటున్నరు. ఆఫీసుల పాత నక్ష సరిగ్గ గాడనే చినిగింది. కాల్వ యాడికెళ్లి పోతుండెనో ఎరుకున్న మనిషి నడిచి చూపెడితె పంచనామా రాస్తనన్నది మేడమ్. మనకేం ఫికర్? మన చెన్నన్న ఉన్నడు. ఊరి నీరటి. నీళ్ల సంగతి ఆయన కన్న ఎక్కువ ఎవరికెరుక?"

అందరూ చప్పట్లు కొట్టారు. చెన్నయ్య లేచి దండం పెట్టి కూర్చున్నాడు. చప్పట్లు ఆగేదాకా తలెత్తలేదు. ఎందుకంటే, వెంచరు గోడ కిందికి పోయిన ఆ కాలువ ముక్కను అమ్మింది అతనే.

తొందరపడి అతన్ని దొంగల్లో కలిపేయకండి. నీరటి అంటే కుంట తూము తెరిచి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసేవాడు. చెన్నయ్య తాత నీరటి, తండ్రి నీరటి. పదహారో ఏట పార భుజాన వేసుకున్న చెన్నయ్య ముప్పై ఏళ్లు ఆ పని చేశాడు. అన్నదమ్ములు నీళ్ల కోసం కర్రలు ఎత్తిన చోట అతను వచ్చి, "ఇప్పుడు వీనికి, పొద్దుగూకినంక వానికి" అంటే కర్రలు దిగేవి. కోతలప్పుడు కల్లాల దగ్గర ప్రతి రైతూ ఒక గంప వడ్లు పోసేవాడు. అది కాక కాలువ ఒడ్డున తాతలనాటి ఇరవై నాలుగు గుంటల చెక్క ఉండేది. ఆ మాత్రం దానితోనే ఇల్లు గడిచింది, బిడ్డ పెళ్లి జరిగింది.

నీరటికి ఇంకో హక్కు కూడా ఉండేది. కాలువలో పూడిక తీసేదీ, ముళ్లకంప కొట్టేదీ అతనే కాబట్టి, కాలువ ఎండిన ఏడు అందులో నాలుగు గింజలు వేసుకోవచ్చు. కుంట నిండేనాటికి ఖాళీ చేసేయాలి. దీనికి రాతకోతలేం లేవు, ఊరంతా ఒప్పుకున్న పద్ధతి. అయితే ఒక ఏడు అనుకున్నది పదకొండేళ్లయింది. కుంటలోకి చుక్క రాలేదు. రైతులు బోర్లు వేసుకున్నారు, కల్లాల దగ్గర గంపలు ఆగిపోయాయి. చెన్నయ్య భార్య నర్సింహమ్మ ఏటేటా ఆ ఎండు కాలువలో దోస, బొబ్బర వేసి, కాయలు గంపకెత్తుకొని అంగట్లో అమ్ముకొచ్చేది. దున్నగా దున్నగా గట్లు అరిగి, ఏది చేనో ఏది కాలువో బయటివాళ్లకు తెలియకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే ఊరి కుర్రాడే అయిన ఐలేష్, భూముల బేరగాడి అవతారమెత్తి, టేపు పట్టుకొని దిగాడు. ఒక కొస తను పట్టుకొని రెండో కొస చెన్నయ్యకిచ్చాడు. చెన్నయ్య ఇవతలి గట్టు దగ్గర ఆగాల్సింది. దోస తీగ పోయినంత దూరం పోయి అవతలి గట్టున ఆగాడు. ఇరవై నాలుగు గుంటలు ముప్పై అయ్యాయి. కాగితాల్లో ఆ ముప్పై ఎలా ఎక్కిందో ఐలేష్‌కే తెలియాలి. ఇంక నీళ్లెక్కడివి అనుకున్నాడు చెన్నయ్య. నీరటి అయ్యుండి ఆ మాట అనుకున్నాడు. ఆ పైసలతోనే కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టాడు. భూమి మూడు చేతులు మారి కంపెనీకి చేరింది. నీళ్లు మాత్రం ఎవరి చేతులూ మారకుండా నేరుగా తిరిగొచ్చాయి.

సోమవారం మధ్యాహ్నం ఐలేష్ కారులో వచ్చాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"కాకా, రేపు సర్వేకు పోతున్నవట."

"పిలిచిన్రు."

"పోయి ఏం చెప్తవ్? కాల్వ ఉండె అంటవ్. ఉండె అంటె, మరి దాన్ని అమ్మిందెవరు? కాయితం మీద ఉన్నది నీ సంతకం. ముందుగాల కేసు నీ మీదనే అయితది."

"టేపు పట్టింది నువ్వే గదరా."

"అవ్. ఇంకో కొస పట్టింది నువ్వు." ఐలేష్ నవ్వలేదు, కోపం కూడా చూపలేదు. దానికే చెన్నయ్యకు ఎక్కువ భయం వేసింది. "నీ మంచికే చెప్తున్న. పానం బాగలేదని చెప్పి రెండ్రోజులు బడంగ్‌పేట్ల బిడ్డ ఇంటికి పో. చూపెట్టే మనిషి లేకుంటె మేడమ్ ఏం రాయదు. ఎవ్వరికీ ఏం తెల్వదు."

కారు పోయాక నర్సింహమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. అన్నీ వినే ఉంది.

"పొద్దుగాల ఏడింటి బస్సుకు పో," అన్నది.

"సారుకు మాటిచ్చిన గదనే."

"ఇస్తివి. అరవై ఎనిమిదేండ్లకు జైలు కూడు తింటవా? నీకేం, నువ్వు పోయి ఆడ కూసుంటవ్. బిందె పట్టుకొని నల్లా కాడికి పోవాల్సింది నేను. వీళ్లందరి ముంగట ముఖం ఎట్ల పెట్టుకోవాలె?" వీధి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. "దోస గింజలు ఏసింది నేను. నాకు తెల్వదా అది కాల్వని?"

నర్సింహమ్మ సంచిలో రెండు ధోతులు, తువాల, బీపీ గోళీలు సర్దింది. తెల్లారి ఆరున్నరకు ఆ సంచి పట్టుకొని, ఎవరి కంటా పడకూడదని వెనక గల్లీలోంచి బయల్దేరాడు. దేశాన్ని దోచినవాళ్లు దర్జాగా కార్లలో తిరుగుతుంటే, ఆరు గుంటల మనిషి గోడ పక్కన నక్కుతూ నడిచాడు.

వెనక గల్లీలోనే శ్యామలమ్మ ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల ఆమె ఒక్కతే భర్త మంచాన్ని ఒక పక్క భుజంతో ఎత్తి, కోడు కింద ఇటుక దూర్చాలని తంటాలు పడుతోంది. మంచం మీది మనిషి కళ్లు మాత్రమే కదుపుతూ ఆమెను చూస్తున్నాడు.

"చెన్నన్నా, జర ఓ చెయ్యి పట్టవా?"

సంచి గుమ్మంలో పెట్టి లోపలికి పోయాడు. మంచం కోడు ఎత్తి పట్టాడు. ఆమె రెండు ఇటుకలు పెట్టి తలెత్తింది.

"రెండు సాలుతయా అన్నా? నీకైతె నీళ్ల లెక్క ఎరుక."

చెన్నయ్యకు ఆ లెక్క బాగానే ఎరుక. కుంట ఎంత, అలుగు వెడల్పు ఎంత, గోడ ఎత్తు ఎంత, ఈ ఇల్లు ఎంత పల్లంలో ఉంది, అన్నీ ఎరుకే. రెండు చాలవు. నాలుగూ చాలవు. గోడ అక్కడున్నంత కాలం ఎన్ని పెట్టినా చాలవు.

"ఇంకో రెండు పెట్టు," అన్నాడు. నాలుగు కోళ్లూ ఎత్తించి బయటికి వచ్చేసరికి ఏడింటి బస్సు వెళ్లిపోయింది. తరవాతి బస్సు ఏడున్నరకు ఉంది. చెన్నయ్య సంచి తీసుకొని ఇంటికే నడిచాడు. నర్సింహమ్మ తలుపు తీసి, సంచి చూసి, ఏమీ అడగకుండా పక్కకు జరిగింది.

సర్వేయర్ అరుణజ్యోతి పదకొండింటికి వచ్చింది. కాలనీ మొత్తం అలుగు దగ్గరే ఉంది. కంపెనీ మేనేజరు చంకలో ఫైలు, అతని పక్కన ఐలేష్. చెన్నయ్యను చూడగానే ఐలేష్ ముఖం మాడిపోయింది.

"నడువు పెద్దాయనా," అన్నది అరుణజ్యోతి.

చెన్నయ్య చెప్పులు విడిచి నడిచాడు. వెనకాలే ఒకతను సున్నంతో గీత పోసుకుంటూ వస్తున్నాడు. "ఈడ మలుపు తిరుగుతది. ఈడ బాట కింద నీళ్లు పోయే మోరీ ఉండె, బండలు కింద ఉంటయి." గడ్డపారతో పొడిస్తే బండ తగిలింది. జనంలో ఈల ఒకటి లేచింది. యోబు సారు సంతోషం పట్టలేక చెన్నయ్య భుజం తట్టాడు. గోడ ఇంకా యాభై అడుగుల దూరంలో ఉంది. ఆ యాభై అడుగులూ చెన్నయ్య ఆగి ఆగి నడిచాడు. సారు చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది, అది బరువనిపించింది. గోడ దగ్గరికి చేరగానే మేనేజరు ఫైలు తెరిచాడు.

"మేడమ్, ఇక్కడి నుంచి మాది. రిజిస్టర్ అయిన కాగితాలున్నాయి."

"ఆగుర్రి," అన్నాడు చెన్నయ్య. "ఆ కాయితం నేను సదువుత. గోడ లోపట ఇరవై నాలుగు గుంటలు మా తాతది. దాన్ని ఆనుకొని ఆరు గుంటలు కాల్వ. మొత్తం ముప్పై అని నేనే అమ్మిన. కాల్వని తెలిసే అమ్మిన. ఇంక నీళ్లు రావనుకున్న."

ఈల వేసినవాడు ఎటో చూశాడు. యోబు సారు చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది.

"ఇది రాస్తే నీ మీదికి వస్తుంది, తెలుసు కదా?" అన్నది అరుణజ్యోతి.

"రాయుర్రి."

ఆమె జీపు బానెట్ మీద కాగితం పెట్టి రెండు పేజీలు రాసింది, చదివి వినిపించింది. చెన్నయ్య సంతకం పెట్టాడు.

"ఇంకో నలుగురు సాక్షులు కావాలి," అన్నదామె.

మొన్న ఆదివారం సంతకాలకు ఎగబడ్డ డెబ్బై రెండు ఇళ్లలో ఒక్కరూ కదల్లేదు. మోసం చేసినవాడి పేరు కింద తమ పేరు పెట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? యోబు సారు పెన్ను పట్టుకొని నిలబడిపోయాడు. "నాలుగు సోమవారాలు నా ఎంబడి తిరిగినవ్ గదన్నా," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేదనిపించింది చెన్నయ్యకు.

జనంలోంచి శ్యామలమ్మ ముందుకు వచ్చింది.

"పోయినేడు మా ఇంట్ల మోటరు పెట్టి, పొద్దంత నీళ్లు తోడినవ్. కాల్వ అమ్మిన సంగతి అప్పుడు గూడ నీకెరుకే."

"ఎరుకే, చెల్లె."

"మరెందుకు చెప్పలే?"

"భయమైంది."

"మా ఆయనకు గూడ భయమైంది, ఆ పొద్దు," అన్నదామె. "నీళ్లు మంచం మీదికి వస్తుంటె లేవరాదు. నోరు తెరిచి ఒర్రరాదు. నా దిక్కే చూసిండు."

చెన్నయ్య తల వంచుకున్నాడు. శ్యామలమ్మ యోబు సారు చేతిలోంచి పెన్ను తీసుకుంది. చెన్నయ్య ముఖం వైపు ఒక్కసారైనా చూడకుండా వంగి, అతని పేరు కింద తన పేరు రాసింది.