రెండు సీసాల డాక్టరు

అరవైల్లో మక్తల్ దగ్గరి ఒక సాలెవాడలో రక్తపోటు మందును పరీక్షించడానికి పట్నం నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. నేను ఆయన దగ్గర నర్సును. వాడలో సగం మందికి ఎర్ర మూత సీసా, సగం మందికి తెల్ల మూత సీసా ఇచ్చేవారు. ఒకదానిలో అసలు మందు, ఇంకోదానిలో ఉత్త పిండి బిళ్లలు అని దాచకుండా చెప్పేవారు. ఏది ఏదో పరీక్ష ముగిసేదాకా ఆయనక్కూడా తెలియకూడదు, పద్ధతి అది. ఎవరడిగినా ఛాతీ విరుచుకుని, "నాకూ తెల్వదు!" అనేవారు. తెలియదని అంత గర్వంగా చెప్పుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మూడు నెలలయ్యేసరికి వాడలో అందరి రక్తపోటూ ఒక్కలాగే, కొంచెం కొంచెం తగ్గింది. డాక్టరుగారు తల పట్టుకున్నారు.

"అవ్వా, నువ్వు ఏ సీసా బిళ్లలు మింగుతున్నవు?" అని వాడలో అందరికన్నా పెద్దావిడను అడిగారు.

"సీసాలెక్కడియి సారూ? నూలొస్తె మంచిది, శెడ్డది కలిపి ఇంటింటికి సమానంగ పంచుకుంటం. బిళ్లలు గూడ గట్లనే గంపల పోసి కలిపినం. ఒకింటికి అన్నీ ఉత్తయే పోతె పాపం గాదా?"

"మరి నువ్వు మింగినయి ఏవి?"

అవ్వ ఛాతీ విరిచింది. "మాకూ తెల్వదు!"

డాక్టరుగారు చొక్కా చెయ్యి మడిచి నా ముందు చాపారు. "జర నా బీపీ చూడమ్మా."

చూశాను. వాడలో అందరికంటే ఎక్కువుంది.

అవ్వ గంపలోంచి రెండు బిళ్లలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"నీ వంతు, సారూ."